ఒక్కటే ఉన్న పేజీ విలువ

కామిక్స్ కోసం చిత్రకారులు చేత్తో గీసిన అసలు పేజీల కన్నా, హై గ్రేడ్ (దాదాపు కొత్తవాటిలా ఉన్న) అచ్చు కామిక్ పుస్తకాలే నమ్మకమైన సేకరణ అనీ, గ్రేడు అంకె ఉంటే ధర తేల్చడం తేలిక అనీ కామిక్స్ సేకరణ మీద రాసిన ఒక వ్యాసంలో వ్యాసకర్త వాదించారు. ధర వరకు ఆ మాట నిజమే. 2000లో అమెరికాకు చెందిన సీజీసీ సంస్థ, పుస్తకం ఎంత చెక్కుచెదరకుండా ఉందో పది పాయింట్ల కొలమానంతో తేల్చే గ్రేడింగ్ మొదలుపెట్టాక, పుస్తకాన్ని చేత్తో పట్టి చూడకుండానే కొనే ధైర్యం సేకర్తలకు వచ్చింది. కానీ 9.6కూ 9.8కూ మధ్య తేడా చాలాసార్లు వెన్ను దగ్గర కనీకనిపించని మడత గీత మాత్రమే. పైగా గ్రేడు ఇచ్చాక ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన ఆ పుస్తకాన్ని ఎవరూ తెరిచి చదవరు.

అసలు పేజీ సంగతి వేరు. అచ్చయిన పుట కన్నా బాగా పెద్దదైన ఆ అట్ట మీద, చెరిపినా పూర్తిగా పోని పెన్సిల్ గీతలు, తప్పు దిద్దిన చోట పూసిన తెల్లరంగు, అతికించిన మాటల బుడగ అంచున పసుపెక్కిన జిగురు మరక కనిపిస్తాయి. చిత్రకారుడు ఎక్కడ మనసు మార్చుకున్నాడో కంటికి తెలిసిపోతుంది. 1984 నాటి మార్వెల్ కామిక్ సీక్రెట్ వార్స్ 8వ సంచిక కోసం మైక్ జెక్ గీసిన, స్పైడర్ మ్యాన్‌కు నల్ల దుస్తులు వచ్చే పేజీ 2022 వేలంలో 33.6 లక్షల డాలర్లు పలికింది. ఆ సంచిక ప్రతులు కావలసినన్ని దొరుకుతాయి, ఆ పేజీ ఒక్కటే.

కొనేముందు ఒకటి మాత్రం గమనించాలి: 1970ల వరకు పెద్ద అమెరికన్ ప్రచురణ సంస్థలు పేజీలను సాధారణంగా చిత్రకారులకు తిరిగి ఇచ్చేవి కావు; అందువల్ల అది చిత్రకారుడి ద్వారా కాక వేరే దారిన బయటికి వచ్చి ఉండొచ్చు కనుక, పాత పేజీ ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తప్పక అడగాలి.