అలాస్కా దారికి ముప్ఫై అడుగుల ఇల్లు ఎందుకు?

ఏటా మే నెల వచ్చేసరికి సియాటెల్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "అలాస్కాకి రోడ్డు మీద వెళ్దామనుకుంటున్నాం, ఏ ఆర్‌వీ (లోపలే వండుకుని పడుకునే బండి) తీసుకుంటే బాగుంటుంది?" ఆ వెంటనే మంచాలెన్ని, స్నానాల గది ఉందా, పొయ్యికి ఎన్ని బర్నర్లు అన్న చర్చ మొదలై వంద మెసేజీల దాకా సాగుతుంది. టైర్ల గురించి మాత్రం ఒక్కరూ అడగరు. నేనూ ఒకప్పుడు అడగనివాణ్ణే కనుక కొంచెం కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మూడేళ్ల కిందట మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను ఇంజినూ ఇల్లూ ఒకే బండిగా ఉండే 30 అడుగుల మోటార్‌హోమ్ ఒకటి అద్దెకు తీసుకుని బయలుదేరాం. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ దగ్గర మొదలయ్యే అలాస్కా హైవే 1942లో యుద్ధ అవసరాల కోసం అమెరికా సైన్యం ఎనిమిది నెలల్లో వేసిన దారి. అప్పటి వంకరలు చాలావరకు సరిచేశాక ఇప్పుడది అలాస్కాలోని డెల్టా జంక్షన్ వరకు సుమారు 2,230 కి.మీ. ఉంటుంది. మొత్తం తారు రోడ్డే అని అందరూ చెబితే నమ్మాను. అది అబద్ధం కాదు గానీ, వైట్‌హార్స్ దాటాక, ముఖ్యంగా డిస్ట్రక్షన్ బే నుంచి బీవర్ క్రీక్ వరకు, ఆ తారు కింద వేల ఏళ్లుగా కరగని మంచు నేల ఉందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పైన నల్లటి రోడ్డు పడేసరికి ఎండ వేడి లోపలికి దిగి ఒకచోట ఆ మంచు కరిగి రోడ్డు కుంగుతుంది, ఇంకోచోట చలికాలంలో తడిమట్టి గడ్డకట్టి పొంగుతుంది. దూరానికి నున్నగానే కనిపించే ఆ రోడ్డు మీద గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్తుండగా, వెనుక చక్రాల అవతల వేలాడే మా బండి తోక ఒక్కసారి ఎగిరిపడింది. ఫ్రిజ్ తలుపు తెరుచుకుని ఆవకాయ సీసా నేల మీద పడి పగిలింది. ఎర్రటి నూనె బల్ల కింది సందుల్లోకి, మంచం కింది సొరుగులోకి పాకిపోయింది. మిగిలిన పదకొండు రోజులూ ఆవపిండి వాసనలోనే పడుకున్నాం.

బండి తిరిగి అప్పగించినప్పుడు శుభ్రం చేసినందుకు డబ్బు వసూలు చేశారు. అది న్యాయమే. కానీ బండిలో స్టెప్నీ లేదని, కంకర రోడ్డు ఎక్కితే బీమా చెల్లదని ఒప్పందం లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో రాసి ఊరుకోవడం ఏం పద్ధతి? ఆ నిబంధన మూలంగానే డాసన్ సిటీ (డాసన్ క్రీక్ కాదు, ఇంకా ఉత్తరాన ఉన్న వేరే ఊరు) దగ్గర యూకాన్ నదిని ఉచిత ఫెర్రీలో దాటి, కొండల నెత్తి మీదుగా చికెన్ అనే ఊరికి వెళ్లే టాప్ ఆఫ్ ది వరల్డ్ హైవేని మేము వదులుకోవలసి వచ్చింది. ఫెర్రీ ఎక్కుతున్న బండ్లను ఒడ్డున నిలబడి చూసి వెనక్కి తిరిగాం.

ఉత్తరాదిన చూడదగ్గ దారుల్లో చాలావరకు కంకర దారులే. డాసన్ సిటీ సమీపంలో మొదలయ్యే డెంప్‌స్టర్ హైవే ఇనువిక్ దాకా పోతుంది, 2017 నుంచి అక్కడి నుంచి ఇంకో రోడ్డు టుక్టోయాక్టుక్ వరకు, అంటే ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డు దాకా తీసుకెళ్తోంది. డెంప్‌స్టర్ మీద తొలి పెట్రోలు బంకు ఈగిల్ ప్లెయిన్స్‌లో, ఇంచుమించు 370 కి.మీ. తరువాత వస్తుంది. ఈ మధ్యలో పదునైన రాళ్లు టైర్లను కత్తిలా కోస్తాయి. కాబట్టి ముందు టైర్లు, తరువాత బరువు, ఆ తరువాత మంచం చూసుకోవాలన్నది నా వాదన.

నా ఓటు పికప్ ట్రక్కు మీద కూర్చోబెట్టే, చిన్న గదిలాంటి క్యాంపర్‌కి, అందులోనూ పైకప్పు లేపుకునే రకానికి. అయితే ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఆ ట్రక్కు ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది, దాన్ని చదవకుండానే క్యాంపర్ కొంటారు. మామూలు పికప్ మోయగలిగేది చాలాసార్లు ఏడెనిమిది వందల కిలోలు మించదు, గట్టి గోడల క్యాంపర్ ఖాళీగానే అంతకన్నా బరువు తూగవచ్చు. దానికి తోడు 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు, ఆపైన నలుగురు మనుషులు, బియ్యం మూట, కుక్కరు.

వెనుక లాక్కెళ్లే ట్రైలర్ సంగతి ఎక్కువ చెప్పను. ముందు బండి చక్రాలు లేపిన రాళ్లన్నీ దాని మొహానికే తగులుతాయి. కారు పైన వేసే గుడారం చవకే గానీ, మూడు రోజులు ఆగకుండా వాన కురిస్తే తడిసిన గుడ్డలు మడతపెట్టుకుంటూ పిల్లలకు ఏం సమాధానం చెబుతారు?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే నా వాదన చెల్లదని ఒప్పుకుంటాను. అర్ధరాత్రి లేచే పెద్దవాళ్లకు మెట్లెక్కే మంచం, బయట మరుగుదొడ్డి ఇబ్బందే. అప్పుడు 25 అడుగులకు మించని మోటార్‌హోమ్ తీసుకుని, తారు రోడ్డు దిగకుండా, లియార్డ్ నది వేడినీటి బుగ్గల్లో వాళ్ల మోకాళ్లు ముంచి తీసుకురండి. (బండి కన్నా ముందు కెనడా వీసా చూసుకోండి. అలాస్కాకి రోడ్డు మీద వెళ్లాలంటే కెనడా దాటక తప్పదు. భారత పాస్‌పోర్టుతో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకూ సందర్శక వీసా కావాలి.)

గత వేసవిలో మేము మళ్లీ వెళ్లాం, ఈసారి పికప్, చిన్న క్యాంపర్, రెండు స్టెప్నీలు. మంచం ఇరుకే. పిల్లలు భోజనాల బల్లనే మడిచి పడుకున్నారు. ఈగిల్ ప్లెయిన్స్ ఇంకా అరవై కి.మీ. ఉందనగా వెనుక టైరు పక్కన బెత్తెడు మేర చీరుకుపోయింది. ముప్పావుగంటలో మార్చుకుని కదిలాం. ఆవకాయ మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పాత తువ్వాలు చుట్టి, మా ఆవిడ తన కాళ్ల దగ్గరే పెట్టుకుంది.