మఠాల కథ అని పిలిచి మళ్లీ ఆ మెడే చూపించారు

మహారాజశ్రీ అమెరికా టీవీలో వచ్చే బ్రిటిష్ చరిత్ర కార్యక్రమం వారి దివ్యసముఖానికి,

ఎనిమిదో హెన్రీ ఇంగ్లండులోని క్రైస్తవ మఠాలను ఎలా నేలమట్టం చేశాడో చూపిస్తామని వారమంతా ఊదరగొట్టారు. నమ్మి, మొన్నటి ఆదివారం మధ్యాహ్నాన్ని తమ పాదాల దగ్గర పెట్టి కూర్చున్నాను. రెండు గంటల్లో మఠాలకు దక్కింది శిథిలాల మీదుగా డ్రోన్ ఎగిరినంత సేపు. మిగిలినదంతా ఆ రాజు తల తీయించిన రెండో భార్య ఆన్ బొలీన్ మెడ.

ఆ మెడ సంగతి మాకు తెలుసండీ. 1536 మే 19న, లండన్ టవర్‌లో, సముద్రం అవతల నుంచి ప్రత్యేకంగా రప్పించిన ఖడ్గధారి చేతిలో తెగింది. తమరి దగ్గర మాత్రం ప్రతి ప్రకటనకు ముందూ కత్తి లేస్తుంది. ఇన్సూరెన్సు ప్రకటన ముగిసేసరికి మేమంతా మరిచిపోయి ఉంటామని దయతలచి, కథ మొదటికి వెళ్లి మళ్లీ కత్తి లేపుతారు. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు.

అమెరికావాళ్లకు మతం గొడవలు అర్థం కావని తమరి భయం కాబోలు. ఎవరికండీ అర్థం కానిది? మా వీధి మొదట్లో బాప్టిస్టు చర్చి, మలుపులో మెథడిస్టు చర్చి, కాస్త దూరంలో క్వేకర్ల మందిరం. అన్నీ ఇంగ్లండులో మొదలైన తగాదాల సంతానమే. 1620లో మతం కోసం మేఫ్లవర్ ఓడ ఎక్కి అమెరికా వచ్చినవాళ్లు, పోపును కాదని హెన్రీ పెట్టిన ఇంగ్లండు చర్చితో పడకనే దేశం విడిచారు. ఇంగ్లండు గడ్డ మీద తొలి బాప్టిస్టు సంఘం పెట్టిన థామస్ హెల్విస్ జైల్లోనే పోయాడు. ఆదివారం చర్చికి వెళ్లే అలవాటు బ్రిటన్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ. ప్రార్థన ముగించుకుని వచ్చి టీవీ పెట్టినవాడికి తన చర్చి ఎక్కడిదో చెప్పరు, రాజుగారి పడకగది చూపిస్తారు.

కింగ్ జేమ్స్ బైబిలనే ఇంగ్లీషు అనువాదం వెలువడిన 1611లోనే ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది. తమరి చరిత్రలో ఓడలన్నీ పడమటికే పోతాయి. పోనీండి, అది ఇంకో ఉత్తరం.

ఇక మర్యాద చాలు. ఎంత కథ పారబోశావో తెలుసా? ఏటా 200 పౌండ్లలోపు రాబడి ఉన్న మఠాలను మూసేయమని 1536లో చట్టం చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి చిన్నా పెద్దా కలిపి దాదాపు 800 పోయాయి. కప్పుల మీది సీసపు రేకులను ఊడబెరికి, కరిగించి అమ్ముకున్నారు. మఠాల గ్రంథాల కాగితాలతో జనం బూట్లు తుడుచుకుంటున్నారని, కిరాణా కొట్లకు అమ్ముతున్నారని రచయిత జాన్ బేల్ 1549లో వాపోయాడు. అతడేమీ మఠాల అభిమాని కాదు, ఒకప్పుడు తానూ సన్యాసే, బయటికొచ్చాక వాటిని తిట్టిపోసినవాడు! ఇంగ్లండు ఉత్తరభాగంలో వేలమంది తిరగబడితే, వాళ్ల నాయకుడు, లాయరు రాబర్ట్ యాస్క్‌ను 1537లో యార్క్‌లో ఉరితీశారు. 1539లో గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను, పండు ముసలివాణ్ణి, ఊరి పక్క కొండ మీద ఉరితీశారు. ఆయనకూ ఒక మెడ ఉండేది.

గ్లాస్టన్‌బరీకి నువ్వు వెళ్లకపోలేదు. వెళ్లి, పాత గాథల్లోని రాజును పట్టుకుని, ‘ఆర్థర్ రాజు ఇక్కడే నిద్రిస్తున్నాడా?’ అని డప్పులు మోగించి వచ్చావు. 1184లో మఠం తగలబడి, డబ్బుకు కటకటలాడుతున్న సన్యాసులకు 1191లో ఎంతో సమయానికి ‘దొరికిన’ సమాధి అది. వైటింగ్‌ను ఉరితీసిన కొండ నీ కెమెరాలో వెనకాలే కనబడుతూ ఉంది. నువ్వు పొగమంచు చూపించావు.

నువ్వు వస్తుంటే టీవీ కట్టేయలేకపోవడానికి కారణం కూడా చెబుతాను. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయంలో పిల్లల పాట వినిపిస్తే నా కోపం సగం దిగిపోతుంది. కానీ అక్కడి చెక్క తెర మీద హెన్రీ, ఆన్‌ల పేర్ల తొలి అక్షరాలు చెక్కి ఉన్నాయి. పాట సగంలో నీ కెమెరా సరిగ్గా వాటి మీదికే వెళ్తుంది, నాకు తెలుసు, తర్వాత వచ్చేది కత్తే.

ఒక్క గంట ఇవ్వు. సీసం, బూట్లు, యాస్క్, వైటింగ్. ఆ గంటసేపైనా ఆ ఇల్లాలిని బతకనివ్వు.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక ప్రేక్షకుడు