సవరణ: బానిసత్వం రద్దయింది 1789లో కాదు

యానాం గోదావరి గట్టు ఫోటోతో ఆదివారం పెట్టిన పోస్టులో, ఫ్రెంచి విప్లవం 1789లోనే బానిసత్వాన్ని రద్దు చేసిందని రాశాను. అది తప్పు. ఆ ఆగస్టులో మనుషులంతా పుట్టుకతో సమానమని ప్రకటించారు గానీ, ఫ్రెంచి వలస రాజ్యాల్లోని బానిసలను అలాగే వదిలేశారు. 1791లో వాటిలో ఒకటైన ఇప్పటి హైతీలో, చెరకు తోటల బానిసలు తిరగబడ్డాకే 1794 ఫిబ్రవరి 4న పారిస్‌లో రద్దు చేశారు. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. చివరి రద్దు 1848లో. తేదీ తప్పు కన్నా, ఆ తిరగబడ్డవాళ్ల మాటే ఎత్తకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ విప్లవం కూతుళ్లకు వారసత్వంలో సమాన వాటా ఇచ్చిందని అదే పోస్టులో రాసింది మాత్రం సరైనదే, 1804 ఫ్రెంచి పౌర చట్టం (సివిల్ కోడ్)లోనూ అది నిలిచింది. మన కోనసీమ కొబ్బరితోటల్లో, ఉమ్మడి ఆస్తి అయితే, ఆడపిల్లకు ఆ హక్కు 1986 చట్టంతో గానీ రాలేదు. అప్పటికే పెళ్లయిపోయిన మా అత్తయ్యలకు అప్పట్లో అదీ రాలేదు.