స్తంభం ఎక్కేవాడు లెక్కలో ఉన్నాడా?

విద్యుత్ సంస్థలు తమ వార్షిక నివేదికల్లో ఇప్పుడు భద్రత, సిబ్బంది ఆరోగ్యం, ఉద్యోగాల్లో అన్ని వర్గాలకూ చోటు అనే మూడు లక్ష్యాలకు ప్రత్యేకంగా పుటలు కేటాయిస్తున్నాయి. ఈ మార్పు మంచిదే. అయితే బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా తెలుగు, ఒడియా, సవర, కువి మాటలు కలగలిసి వినిపించే ఈ సరిహద్దు సీమలో ఆ పుటలను ఒక్క ప్రశ్న దగ్గర పెట్టి చదవాలని మేము భావిస్తున్నాం. అర్ధరాత్రి తీగ తెగితే నిజంగా స్తంభం ఎక్కే మనిషి ఆ లెక్కల్లో ఉన్నాడా?

అతన్ని హెల్పర్ అంటారు. జీతం ఇచ్చేది కాంట్రాక్టరు, పని చెప్పేది లైన్‌మన్, ప్రమాదం జరిగితే జవాబు చెప్పేది ఎవరో చాలాసార్లు ఆ కుటుంబానికి చివరిదాకా తెలియదు. ఒడిశా 1996లోనే దేశంలో అందరికంటే ముందు విద్యుత్ సంస్కరణలకు దిగింది. 1999లో పంపిణీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళింది. 2015లో లైసెన్సులు రద్దయ్యాయి. 2021 జనవరిలో దక్షిణ జిల్లాల పంపిణీ మళ్ళీ కొత్త యాజమాన్యం కిందికి వచ్చింది. ఇన్ని మార్పుల మధ్య మారనిది హెల్పర్ స్థితి. సరిహద్దుకు అటూ ఇటూ, సర్కారుదా ప్రైవేటుదా అన్న తేడా లేకుండా, ఈ రంగం అతని మీదే నడుస్తోంది.

చట్టం మాత్రం ఇంత సంకుచితంగా లేదు. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం కరెంటు వల్ల మనిషికే కాదు, పశువుకు ప్రాణనష్టం జరిగినా ప్రమాదంగా తెలియజేయాలి. విషయం తెలిసిన 24 గంటల్లో విద్యుత్ ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు వెళ్ళాలని 2005 నిబంధనలు చెబుతున్నాయి. పొలంలో తెగిపడిన తీగకు బలైన ఆవును సైతం లెక్కలో వేసుకునే చట్టం ఉన్న దేశంలో, మస్టరు పుస్తకంలో పేరు లేదన్న కారణంతో ఒక హెల్పర్ మరణం 'సున్నా ప్రమాదాల' పట్టికలోకి ఎక్కకపోతే ఆ సున్నాకు అర్థం లేదు.

పనిచోట ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, మా ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలిసిన మాట. సబ్‌స్టేషన్‌లో ఫీడరు (ఊళ్ళకు కరెంటు మోసుకెళ్ళే లైను) ఆపి, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) దించి, పని ముగిసి మనుషులందరూ కిందికి దిగారని కబురు వచ్చేదాకా లైన్ చార్జ్ చేయబోమని, అంటే కరెంటు వదలబోమని, ఇచ్చే హామీ అది. రాతలో ఉండాల్సిన ఈ హామీ తరచూ ఫోన్లో నడుస్తుంది. అక్కడే భాష ప్రాణం మీదికి వస్తుంది. విద్యుత్ పరిభాషలో స్విచ్ 'ఓపెన్' అంటే కరెంటు ఆగిందని, 'క్లోజ్' అంటే పారుతోందని అర్థం. బజారు వాడుక దీనికి సరిగ్గా తలకిందులు. కొట్టు బంద్ అంటే మూశారని, కరెంటు బంద్ అంటే పోయిందని తెలుగువారూ ఒడియావారూ ఒకేలా అనుకుంటారు. నిన్నమొన్న పనిలో చేరిన సవర కుర్రాడికి 'క్లోజ్ చేశారు' అన్న మాట ఏ అర్థంలో చెవిన పడుతుందో ఊహించడం కష్టం కాదు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులు సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టి వందేళ్ళు దాటిపోయింది. అదే ఊరి చుట్టుపక్కల నేటికీ భద్రతా సూచనల బోర్డు చదవలేని మనిషి 11 కేవీ తీగ ముట్టుకోవడానికి పైకెక్కుతున్నాడు. ఏ నివేదిక 'వైవిధ్యం' గురించి మాట్లాడినా మేము ముందుగా అడిగేది ఈ బోర్డు గురించే.

తుపాను రోజుల్లో ముప్పు రెట్టింపవుతుంది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అటు ఉద్దానాన్ని, ఇటు గజపతి జిల్లాను ఒకేసారి చీకట్లోకి నెట్టింది. అలాంటప్పుడు ఈ ఫీడర్లు ఎటు పోతాయో తెలియని బృందాలు బయటి జిల్లాల నుంచి దిగుతాయి. ఫీడరు ఆపి ఉన్నా, ఎవరో ఇంట్లో మెయిన్ దించకుండా జనరేటరు పెట్టుకుంటే ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి నడిచి పై తీగలో వేల వోల్టులుగా మారతాయి. రిటర్న్ సప్లై అని లైన్‌మన్లు దడుచుకునేది దీన్నే. పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్తింగ్ వేస్తే, అంటే తీగను నేలకు కలిపితే, ప్రాణం నిలుస్తుంది. అందుకు ఎర్త్ రాడ్లు బండిలో ఉండాలి, వేసేంత సమయం పైవాళ్ళు ఇవ్వాలి. 'ఇంకా కరెంటు రాలేదేం' అని గంటకోసారి ఫోను చేసే మన పాఠకులకూ, నిజం చెప్పాలంటే మాకూ, ఈ తొందరలో వాటా ఉంది.

రబ్బరు గ్లౌజును అంచు దగ్గర నుంచి చుట్టుకుంటూ వస్తే లోపలి గాలి వేళ్ళలోకి చేరి బిగుస్తుంది. చెంప దగ్గర పెట్టుకుంటే సూదిమొన రంధ్రం ఉన్నా గాలి తగులుతుంది. అర నిమిషం పట్టే పరీక్ష. మేకుకు వేలాడదీసి, ఎండకు పగుళ్ళు బారిన జతను ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం కిందికి దించే అలవాటు ఉన్నంతకాలం కొత్త గ్లౌజులు ఎన్ని కొన్నా ఒకటే.

ఆరోగ్యం విషయంలో యోగా శిబిరాలను మేము తప్పుపట్టడం లేదు. కానీ ఎండలు ముదిరినప్పుడు మధ్యాహ్నం ఆరుబయట పనులు ఆపమని ఒడిశాలో ఆదేశాలు వెలువడతాయి. ఫ్యూజులు పోయేదీ, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేదీ సరిగ్గా ఆ గంటల్లోనే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కింద నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు చేయించాలి. అందులో కాంట్రాక్టరు మనుషుల వంతు ఎంతో సంస్థలు విడిగా చెప్పాలి.

ఇక మహిళలు. తెలంగాణలో 2019 నాటి జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ తమను పక్కన పెట్టినప్పుడు యువతులు కోర్టుకెళ్ళి, స్తంభం ఎక్కి చూపించి మరీ ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఒడిశాలో స్వయం సహాయక సంఘాల స్త్రీలు ఊరూరా తిరిగి మీటరు రీడింగు తీసి బిల్లులు వసూలు చేస్తున్నారు. వారు ఎండలో నడుస్తారు, కుక్కల బారిన పడతారు, బిల్లు ఎక్కువ వచ్చిందని తిట్లు తింటారు. సబ్‌స్టేషన్‌లో వారికి మరుగుదొడ్డి ఉందా లేదా అన్నది ఏ శాతానికీ అందని సంగతి.

ఛార్జీల పెంపుపై నియంత్రణ కమిషన్ జరిపే బహిరంగ విచారణలో సంస్థలు ఖర్చులన్నీ అణాపైసలతో సహా చూపిస్తాయి. ఏడాదిలో చనిపోయిన, గాయపడిన కాంట్రాక్టు కార్మికుల వివరాలు, వారి కాంట్రాక్టరు పేరు, చెల్లించిన పరిహారం, ఆ రోజు ఎల్‌సీ రాతలో ఉందా ఫోన్లోనా అన్న సమాచారం కూడా అదే దస్త్రంలో జతచేయాలని కమిషన్ ఆదేశించాలి. ఎల్‌సీ పుస్తకాన్ని ఒడియా, తెలుగు, సవర భాషల్లో అచ్చువేయించే ఖర్చును ఛార్జీల లెక్కలో కలిపినా మేము అభ్యంతరం చెప్పం.