మెంటరింగ్ మహోత్సవం: పింక్ చీర తప్పనిసరి

మార్చి 8 దగ్గరపడితే చాలు, ఇక్కడ మేడమ్‌లు కూడా పాఠాలు చెబుతున్నారని మా యూనివర్సిటీకి ఉలిక్కిపడినట్టు గుర్తొస్తుంది. ఈసారి "మహిళా అధ్యాపకులకు మెంటరింగ్, కెరీర్ పురోగతి" అని అరపూట వర్క్‌షాపు పెట్టారు. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఆర్డరు: అందరూ పింక్ చీరలో రావలెను. పింక్ కట్టనిదే ప్రమోషన్ ఇవ్వరాదని యూజీసీ 2018 రెగ్యులేషన్లలో ఎక్కడో ఉండే ఉంటుంది, నేనే సరిగ్గా చదవలేదేమో.

వేదిక మీద ఆరు కుర్చీలు. ఐదింటిలో సార్లు, ఆరోది వందన సమర్పణ మేడమ్‌ది. బొకేల పళ్ళెం పట్టుకుని మెట్ల పక్కన నిలబడింది ఫిజిక్స్ మేడమ్, పదహారేళ్ల సర్వీసు. ఆవిడకంటే నాలుగేళ్లు జూనియరైన సారు ఆ పళ్ళెంలోంచే బొకే అందుకుని ప్రొఫెసర్ హోదాలో కూర్చున్నారు.

ముఖ్య అతిథి గారి అంశం టైమ్ మేనేజ్‌మెంట్. "తెల్లారి నాలుగింటికే లేవండమ్మా, ఆరుకల్లా వంటైపోతుంది, తర్వాత పేపర్లు రాసుకోవచ్చు. మా ఆవిడ ముప్ఫై ఏళ్లుగా నాలుగింటికే లేస్తుంది, అందుకే నేను ఇన్ని పేపర్లు రాయగలిగాను." చప్పట్లు. సిగ్గు లేకుండా మేమూ కొట్టాం.

అసలు మెంటరింగ్ ఎక్కడ జరుగుతుందో మనకు తెలియదా? సాయంత్రం గేటు బయట టీ బండి దగ్గర. ఏ ప్రాజెక్టుకి అప్లికేషన్ పెట్టాలి, సెలక్షన్ కమిటీకి ఎవరొస్తున్నారు, కాస్ (అధ్యాపకుల ప్రమోషన్ స్కీము) ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగింది, అన్నీ ఒక్క టీలో తేలిపోతాయి. ఆ టైముకి మేడమ్‌లు బస్సులో వేలాడుతుంటారు, లేదంటే గర్ల్స్ హాస్టల్లో నీళ్లు రాలేదని వార్డెన్ హోదాలో ప్లంబర్‌కి ఫోన్ చేస్తుంటారు. కల్చరల్ కమిటీ, ముగ్గుల పోటీ, అతిథులకి టిఫిన్లు, ఇవన్నీ మాకే ఎందుకు? రీసెర్చ్ చేయాల్సిన పదేళ్లు వీటికి తగలేసి, ఇంటర్వ్యూలో "పబ్లికేషన్లు తక్కువున్నాయేంటమ్మా" అని అడగడానికి నోరెలా వస్తుంది? 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రీసెర్చ్ చేస్తానని వెళ్లిన కమలా సోహోనీకి, ఆడపిల్లవి, చేర్చుకోనని అక్కడి డైరెక్టర్ సి.వి. రామన్ ముఖం మీదే చెప్పారు. వీళ్లకి ఆ పాటి ధైర్యం కూడా లేదు, నవ్వుతూ పళ్ళెం చేతికిస్తారు.

చివర్లో అందరికీ సర్టిఫికెట్లు పంచారు. నా పేరు ముందు "శ్రీ" అని ఉంది. పోనీ ప్రమోషన్ ఫైల్లో పెట్టుకోవచ్చా అని ఆఫీసులో అడిగాను. అరపూట వర్క్‌షాపు లెక్కలోకి రాదు మేడమ్, కనీసం వారం ఉండాలి అన్నారు.