పుట్టుకతో ఇరుకైన గుండె కవాటం: చికిత్స ఉంది, వినే తీరికే లేదు

పిల్లలకు పుట్టుకతో గుండెజబ్బు అనగానే మన ఇళ్లలో ‘గుండెకు రంధ్రం’ అన్న మాటే వినిపిస్తుంది. రంధ్రమేదీ లేకుండా, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోని పల్మనరీ కవాటం రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి పుట్టే పిల్లలూ ఉన్నారు. ఈ జబ్బుకు నమ్మదగిన చికిత్స దొరికి నాలుగు దశాబ్దాలు దాటింది. ఆలస్యమంతా గుర్తించడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఇరుకు మరీ తీవ్రం కానంతవరకు బిడ్డ ఆడుతుంది, పాడుతుంది, బరువు పెరుగుతుంది. ఊపిరితిత్తులకు రక్తాన్ని పంపే గుండె కింది గది, అంటే కుడి జఠరిక, కండరం మందమెక్కి ఆ అదనపు భారాన్ని మోస్తుంది కాబట్టి ఇంట్లోవారికి అనుమానమే రాదు. జలుబు చేసిందని తీసుకెళ్లినప్పుడు డాక్టరు రొమ్ము ఎముకకు ఎడమ పక్కన, పైభాగాన స్టెతస్కోపు ఆనించి వింటే, చిన్న ‘టక్’మన్న శబ్దం, దాని వెంటే గరుకైన మర్మర్ (రక్తం సుడులు తిరుగుతూ పారే అదనపు శబ్దం) వినిపిస్తాయి. గాలి పీల్చినప్పుడు ఆ టక్ తగ్గుతుంది, వదిలినప్పుడు స్పష్టమవుతుంది. ఏడ్చే బిడ్డలో ఇంత సూక్ష్మమైన తేడా పట్టుకోవడం కష్టం; తల్లి ఒడిలో కుదుటపడేదాకా ఆగాలి. కిక్కిరిసిన ఓపీలో ఆ రెండు నిమిషాలే కరువు.

అనుమానం వచ్చాక దారి సులువే. డాప్లర్ ఎకోలో, అంటే రక్త ప్రవాహ వేగాన్ని కొలిచే గుండె స్కాన్‌లో, రక్తం కవాటాన్ని దాటే వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే పీడనంలో తేడా తెలుస్తుంది: సెకనుకు 3 మీటర్లయితే 36, 4 మీటర్లయితే 64 మిల్లీమీటర్ల పాదరసం. 64 దాటితే తీవ్రమైన ఇరుకు కిందే లెక్క. అప్పుడు బిడ్డ హుషారుగా ఉందని చికిత్స వాయిదా వేయకూడదు.

1982లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జీన్ కాన్ బృందం చూపిన పద్ధతే నేటికీ మొదటి ఎంపిక. తొడ దగ్గరి సిర గుండా పంపిన బెలూన్‌ను కవాటం మధ్య కొన్ని క్షణాలు ఉబ్బిస్తే అతుకులు విడిపోతాయి, ఛాతీ కోయనక్కర్లేదు. రేకులే దళసరిగా, వికృతంగా ఉన్న పిల్లల్లో మాత్రం బెలూన్ అంతగా పనిచేయక శస్త్రచికిత్స అవసరం కావచ్చు. కవాటం కొంత లీకయ్యే అవకాశం ఉన్నందున, తర్వాత కూడా ఎకో తీయించుకుంటూ ఉండాలి.

పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక పాదానికి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడడం ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో తప్పనిసరి కావాలి. అయితే అది పట్టేది ఆక్సిజన్ తగ్గిన ప్రమాదకర స్థితినే. ఓ మోస్తరు ఇరుకున్న బిడ్డలో అంకె మామూలుగానే ఉంటుంది. కనుక పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లినప్పుడు, కేకల నడుమ వరండాలో కాకుండా తలుపు మూసిన గదిలో ఒక్కొక్క బిడ్డ ఛాతీ వినే ఏర్పాటు ఉండాలి.