ఇంటివాళ్లకు సెలవేమిటి?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో జెనీవాలో ఒక ఒడంబడికను ఆమోదించింది. పరిశ్రమల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏడు రోజులకొకసారి కనీసం 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఇవ్వాలని, వీలైనంతవరకు దాన్ని అందరికీ ఒకే రోజున, ఆ దేశపు ఆచారం ప్రకారం సెలవుగా పాటించే రోజుననే ఇవ్వాలని దాని సారాంశం. ఇంత తేలికైన మాటను శతాబ్దం దాటినా యాజమాన్యాలు చెవికెక్కించుకోలేదని కార్మిక సంఘాలు ఆడిపోసుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. ఆ ఒడంబడికను యాజమాన్యాలు చదివినంత శ్రద్ధగా ఏ కార్మికుడూ చదవలేదు. కాకపోతే, విశ్రాంతి గురించి చెప్పే రెండో అధికరణాన్ని వదిలేసి, మినహాయింపులు మొదలయ్యే మూడో అధికరణం నుంచి చదివారు.

కేవలం ఒకే కుటుంబానికి చెందినవారు పనిచేసే సంస్థలను ప్రభుత్వాలు మినహాయించవచ్చునని ఆ మూడో అధికరణం అంటుంది. కొత్తగా చేరిన ఉద్యోగితో యజమాని గద్గదస్వరంతో "మనమంతా ఒకే కుటుంబం" అనడం వెనుక ఇంతటి న్యాయశాస్త్ర పాండిత్యం ఉందని ఎందరు గ్రహించారు? ఇంటిల్లిపాదీ కష్టపడుతుంటే సెలవుచీటీ పట్టుకుని నిలబడే కొడుకును ఏ తండ్రి హర్షిస్తాడు? లాభాలు పంచుకునే వేళకు ఈ చుట్టరికం కాస్త దూరపుదైపోతుంది, నిజమే. దాయాదుల తగాదాల్లో ఒడంబడిక తలదూర్చదు. ఇళ్లలో పనిచేసేవారికి సైతం వారానికి 24 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని 2011లో మరో ఒడంబడిక వచ్చింది. పనిమనిషిని "మా ఇంటి మనిషే" అని చెప్పుకునే సహృదయుల మనసు అప్పుడు ఎంత నొచ్చుకుందో! ఆ ఇంటి మనిషికి కూర్చోవడానికి కుర్చీ లేకపోవడం వేరే విషయం.

దుకాణాలకు, కార్యాలయాలకు వర్తించే 1957 నాటి ఒడంబడిక, ఉన్నత నిర్వాహక పదవుల్లో ఉన్నవారిని ఈ వారపు విశ్రాంతి నియమం నుంచి తప్పించే వీలు కల్పించింది. జీతం పెంచకుండా హోదాలు మాత్రం ధారాళంగా పెంచే సంస్థలను చూసి నవ్వేవారు ఈ సంగతి ఎరుగరు.

అసాధారణమైన పని ఒత్తిడి వచ్చినా, పాడైపోయే సరుకును కాపాడుకోవలసి వచ్చినా తాత్కాలికంగా సెలవును పక్కన పెట్టవచ్చునని అదే ఒడంబడికలోని ఎనిమిదో అధికరణం చెబుతోంది. ప్రతి వారమూ వచ్చే ఒత్తిడి అసాధారణం ఎలా అవుతుందని కొందరు వాదిస్తారు. గడువు కొత్తది, ఖాతాదారు కొత్తవాడు, పై అధికారి కోపమూ కొత్తదే అయినప్పుడు ఏ వారానికి ఆ వారం అసాధారణం కాక మరేమిటి? ఇక పాడైపోయే సరుకు మాటకొస్తే, శనివారం రాత్రి అడిగిన నివేదిక సోమవారం ఉదయానికి ఎందుకూ పనికిరాదు. మంచుగడ్డల్లో పెట్టిన చేప అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇలా పోయిన సెలవుకు బదులు కనీసం అంతే విశ్రాంతిని తిరిగి ఇవ్వాలని కూడా ఆ అధికరణంలోనే ఉంది. ఈ బాకీని యాజమాన్యాలు ఏనాడూ కాదనలేదు. తీర్చే తేదీ మాత్రం చెప్పలేదు; పదవీ విరమణ నాడు మొత్తం ఒకేసారి, ఎడతెగకుండా చెల్లించే ఉద్దేశం కావచ్చు.

విశ్రాంతి దినాన్నీ, వేళలనూ సంస్థలోనో మరో అనువైన చోటనో అందరికీ కనబడేలా ప్రకటించాలన్న 1921 నాటి ఏడో అధికరణాన్ని మాత్రం అక్షరాలా పాటిస్తున్నారు. ఫోనులోని సిబ్బంది గ్రూపు కన్నా అనువైన చోటు ఎక్కడుంది? సెలవు రోజున తెల్లవారకముందే "ఈరోజు అందరూ హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్న ప్రకటన అందులో వెలువడుతుంది. ఐదు నిమిషాల్లోగా దానికి జవాబివ్వనివారి పేర్లు రెండో ప్రకటనలో ఉంటాయి.